కొండదారిలో సుభద్ర టీచర్

కిందటి వారం కెరండిమాల కొండల కింద పరుగెత్తుతూ ఒక మలుపు తిరిగేసరికి ఇప్పపువ్వు వాసన ముక్కుకి కొట్టింది. పులిసిన బెల్లంలాంటి వాసన అది. తియ్యగానే మొదలవుతుంది, రెండో ఊపిరికి కాస్త వెగటు పుడుతుంది. తెల్లవారుజామున రాలిన పూలు, ఇంకా ఎవరూ ఏరుకోకముందు, లేత పసుపుగా తడితడిగా దారంతా పడి ఉన్నాయి. నా కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. ఆ వాసన తగిలిన చోట ఆగి, గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని, చెవులు రిక్కించి, అప్పుడుగాని అడుగు ముందుకు వెయ్యకూడదని నాకు ఎవరూ పాఠంలా చెప్పలేదు. ఒక పొద్దున్న జరిగినదాని వల్ల అది నా ఒంటికి పట్టింది. ఆ పొద్దున్న నా పక్కన ఉన్నావిడ సుభద్ర టీచర్. ఆవిడ గురించి ఎవరికైనా చెబుదామని మొదలుపెడితే నాకు మొదటి మాటే కుదరదు. ఆవిడ నాకు చూడడం నేర్పింది అంటాను. అనగానే, అది సరైన మాటేనా అని అనుమానం వస్తుంది. అయినా ఈసారి జరిగింది జరిగినట్టు చెప్పి చూస్తాను.

మాది ఒడిశాలోని బరంపురం. తాతల నాడే ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకున్న కుటుంబం. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, కోపం వస్తే ఏది ముందు నోటికొస్తే అది. డిగ్రీ అయ్యాక నేను కొట్లో కూర్చోవడం మొదలుపెట్టాను. గిన్నెల మధ్య కూర్చుని, కూర్చుని, ఇంకా ముప్పై ఏళ్లు రాకముందే సుగర్ తెచ్చుకున్నాను. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఈ సంగతి వీధిలో ఎవరికీ చెప్పొద్దని మా అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ సాయంత్రమే తను వెళ్లి పక్కవీధి సుభద్ర టీచర్‌కి చెప్పేసింది.

సుభద్ర టీచర్ ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. సరిహద్దు దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టింది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి కుటుంబంతో ఉండేది. పొడుగ్గా, ఎండిన చెరకుగడలా ఉండేది. వయసులో ఉన్నప్పుడు జిల్లా తరఫున దూరపు పరుగులు పరిగెత్తిందని చెప్పుకునేవారు. రిటైరయ్యాక మైదానం వదిలేసి కొండదారులు పట్టింది. సల్వారు కమీజు, కాన్వాసు బూట్లు, మెడలో ఒక తువ్వాలు. మా వీధి ఆడవాళ్లకి ఆవిడంటే కొంచెం గౌరవం, కొంచెం నవ్వు, ఇంకొంచెం కోపం కూడా ఉండేది. ఎదురుపడితే పలకరించదని, పొగరని అనుకునేవారు. నిజమే, వీధిలో ఎన్నోసార్లు నా పక్కనుంచే వెళ్లిపోయేది. నేను నోరు తెరిచి “టీచర్” అంటేగాని ఆగేది కాదు.

మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చింది. “టీచరమ్మా, మా పద్మ గుంటకి సుగరొచ్చీసింది. కూడా తీసుకెల్లండి, మీకు పున్నెముంటాది” అంది మా అమ్మ. ఆవిడ నా వైపు తిరిగింది. నా మొహాన్ని కాదు, నా చెవి పక్కనున్న తలుపును చూస్తున్నట్టు ఉంది ఆ చూపు.

“నీకు కళ్లు బాగా అవుపిస్తాయా పద్మా?” అంది.

సుగర్ ఉన్నవాళ్లకి కళ్లు పాడవుతాయని విని ఉన్నాను, అందుకే అడుగుతోందనుకున్నాను. “బాగానే అవుపిస్తాయి టీచర్” అన్నాను.

“స్కూటీ తోల్తావా?”

“తోల్తాను.”

“అయితే రా. నాకు మోకాళ్లు నొప్పని బండి తోలడం మానీసినాను.” మోకాళ్లు నొప్పి ఉన్న మనిషి కొండలెలా ఎక్కుతుందో నేను అడగలేదు. ఆవిడ స్కూటీ వెనక కూర్చుని నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి దించకుండా కొండ కిందకి వచ్చింది.

పరుగు ఆవిడ నేర్పిన తీరు నాకు మొదటినుంచీ వింతగానే ఉండేది. రొప్పకుండా మాట్లాడగలిగినంత జోరే జోరు, అంతకు మించి వద్దు అనేది. అందుకని మాట్లాడుతూ పరిగెత్తమనేది. ఏటి మాట్లాడాలి టీచర్ అంటే, ఎదర ఏటుందో అదే సెప్పు అనేది. నాకు సిగ్గేసేది. రాయి, గొయ్యి, పేడ, చెట్టు అని చిన్నపిల్ల వాచకంలా అప్పజెప్పేదాన్ని. “ఏ చెట్టు?” “జీడిమామిడి.” “దాని కిందేటుంది?” “ఏమీ లేదు టీచర్.” “ఏటీ నేకుండా ఏ చెట్టు కిందా ఉండదు. మల్లీ సూడు.” మళ్లీ చూస్తే ఎండుటాకుల్లో సగం మునిగి ఒక ఉడుము, రాయిలా, కన్ను మాత్రం కదుపుతూ ఉంది. ఉంది టీచర్, ఉడుము, అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. తోక ఎంత పొడుగు, తల ఎటు తిప్పింది, ఆకులు కదులుతున్నాయా అని ప్రశ్న మీద ప్రశ్న వేసింది. నా చేత అంత శ్రద్ధగా ఎవరూ ఏదీ చెప్పించుకోలేదు. కొట్లో నేను చెప్పేది గిన్నె ధర, ఇంట్లో నేను చెప్పేది అన్నం తిన్నానని.

ఎప్పుడూ నన్నే ముందు పరిగెత్తమనేది. “ఎనకాల ఉంటేనే నీ అడుగు ఎలగ పడతందో నాకు తెలుస్తాది” అనేది. దిగుడులో చిన్న చిన్న అడుగులు వేయమని, రాయి మీద మడమ పెట్టొద్దని వెనకనుంచి చెబుతూ ఉండేది. నా అడుగు తప్పితే ఆ చప్పుడు నాకంటే ముందు ఆవిడకే తెలిసేది.

ఒకరోజు జీడితోట అంచున నక్క కనిపించింది. నేను ఆగి కళ్లప్పగించి చూసేసరికి అది సర్రున పొదల్లోకి దూరిపోయింది. ఆవిడ అప్పుడు చెప్పింది. “తిన్నగా సూడకు. తిన్నగా సూస్తే దానికి బయ్యం. పక్కనున్న సెట్టుని సూడు. అది నీ కంటి అంచున నిలబడతాది.” మరో పొద్దున్న అదే చోట నక్క మళ్లీ వచ్చింది. నేను దాన్ని కాకుండా పక్కనున్న పుట్టని చూశాను. నక్క నిలబడింది. నన్ను చూసింది. తాపీగా కూర్చుని వెనక కాలితో చెవి గోక్కుంది. కంటి అంచున ఆ చెవి గోకుడంతా చూశాను. చూస్తున్నంతసేపూ టీచర్‌కి గుసగుసగా చెబుతూనే ఉన్నాను. ఆ తరవాత ముంగిసలు, నెమళ్లు, గులకరాళ్ల మధ్య గుడ్ల మీద కూర్చున్న తీతువు పిట్ట, అన్నీ నా కంటి అంచుకి వచ్చి నిలబడ్డాయి. నా సుగర్ దిగింది, ఒళ్లు తేలికైంది. అంతకంటే కూడా, లోకంలో ఇన్ని ప్రాణులు ఉండగా ఇన్నాళ్లూ నేనెక్కడున్నానా అనిపించేది.

అయోమయం మొదలైంది హుమ్మ దగ్గర. ఆదివారాలు అప్పుడప్పుడు హుమ్మ ఉప్పుమళ్ల గట్ల మీదికి వెళ్లేవాళ్లం. సన్నటి గట్టు, రెండు పక్కలా అద్దంలా నీళ్లు, దూరంగా తెల్లటి ఉప్పు కుప్పలు. నేను ముందు, ఆవిడ వెనక. ఉన్నట్టుండి వెనక అడుగుల చప్పుడు ఆగింది.

“జింకలు” అంది ఆవిడ నెమ్మదిగా. “అదిగో, గట్టు మీద వరసగా నిలబడ్డాయి. ఉన్నాయా?”

నేను తిన్నగా చూశాను, పక్కకి చూశాను. “జింకలా టీచర్? ఉప్పుమళ్లలోనా?”

“అవుపించనేదా?”

“లేవు టీచర్. ఉప్పు కుప్పలున్నాయి. నీళ్లలో ఎర్రటి పుల్లల్లాంటి కాళ్ల పిట్టలున్నాయి. ఒకాయన ఉప్పు లాగుతున్నాడు. అంతే.”

ఆవిడ మెడలో తువ్వాలు సర్దుకుంది. “నేవా. సరే, పద” అంది.

ఒక ఉడుము కోసం నా చేత ఒకే చెట్టుని మళ్లీ మళ్లీ వెతికించే మనిషి, ఒక జింకల వరసని నా ఒక్క మాటకి వదిలేసుకుంది. నాకు అదేమీ అర్థం కాలేదు. ఇంకోరోజు ఆర్యపల్లి సముద్రపొడ్డున, పడవల దగ్గర ఆగి, “ఇక్కడ దడి ఎప్పుడు కట్టేరు?” అంది. దడి లేదు. ఇసుక, పడవలు, ఆరబెట్టిన చేపలు, సముద్రం ఉన్నాయి. లేదు టీచర్ అన్నాను. సరే అంది. కొండ కింద ఒకసారి గుర్రం అంది. లేదన్నాను. సరే అంది. కానీ అదే మనిషి, నేను చూడకముందే, చప్పుడు బట్టి ఫలానా పొదలో నెమలుందని చెప్పేది, నెమలి ఉండేది. ఉన్నవీ లేనివీ ఆవిడ దగ్గర ఒకే గొంతుతో వచ్చేవి. ఆ చివర ఒక ప్రశ్న మాత్రం ఎప్పుడూ తోడుగా వచ్చేది. ఉందా?

అమ్మకి చెబితే, “ఏటోనే, ముసిలితనం. నేకపోతే ఆ కొండల్లో ఏటైనా గాలి సోకిందో. నువ్వెల్లడం మానీ” అంది. నేను మానలేదు. రకరకాలుగా ఆలోచించాను. ఆవిడకి మతి తప్పుతోందా అనుకున్నాను. మరి నా పరుగులో పొల్లు పోకుండా తప్పులు పట్టేది కదా. ఆవిడని మెప్పించడానికి లేనిది ఉందంటానేమోనని నన్ను పరీక్షిస్తోందా అనుకున్నాను. ఈ ఊహ నాకు బాగా నచ్చింది. అది నిజమైతే ఆవిడ మంచి టీచర్, నేను మంచి శిష్యురాలిని. అందుకే చాలా రోజులు ఆ ఊహని పట్టుకునే పరిగెత్తాను.

ఇప్పపూలు రాలే రోజులు వచ్చాయి. ఆ పొద్దున్న దారి వెడల్పుగా ఉన్నచోట మేమిద్దరం పక్కపక్కనే నడుస్తున్నాం. ఎక్కుడు కాబట్టి పరుగు ఆపి ఊపిరి తీసుకుంటున్నాం. వాసన ఘాటుగా ఉంది. ఇప్పచెట్టు మొదట్లో నల్లటిది ఒకటి అటు తిరిగి వంగి ఉంది. నేను ముందు కాలిన మోడు అనుకున్నాను. మోడు కదిలింది. దాని పక్కన చిన్న మోడు కూడా కదిలింది. తల్లి ఎలుగు, పిల్ల ఎలుగు, పూలు తింటున్నాయి. మాకూ వాటికీ మధ్య మా వీధి వెడల్పు కంటే ఎక్కువ దూరం లేదు.

టీచర్ కూడా ఆగింది. ఎప్పుడూ అడిగే నెమ్మది గొంతుతోనే అడిగింది. “నాకు ఎలుగొడ్డు అవుపిస్తంది. ఉందా?”

నేను నోరు తెరిచాను. నోట్లోంచి గాలి కూడా రాలేదు. ఉంది అనాలి, అంతే, రెండక్షరాలు. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ఆవిడ నా జవాబు కోసం కాసేపు చూసింది. తరవాత, “సరే” అంది. అని, తిన్నగా ఆ చెట్టు వైపు నడిచింది.

ఆ క్షణంలో నాకు ఏదీ అర్థం కాలేదు. ఎలుగుని చూసి కూడా ఎలుగు దగ్గరికి నడిచే మనిషి ధైర్యస్తురాలా, పిచ్చిదా, చావడానికి వెళ్తోందా అని మాత్రం తలలో ఏదో గిర్రున తిరిగింది. ఒంట్లో ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు, వెనకనుంచి ఆవిడ కమీజు పట్టుకుని లాగేశాను. ఇద్దరం గులకరాళ్ల మీద కూలబడ్డాం. ఆ చప్పుడుకి ఎలుగు తిరిగింది. వెనక కాళ్ల మీద లేచి నిలబడి, ముట్టె అటూ ఇటూ ఆడిస్తూ గాలి పీల్చింది. కొలిమి తిత్తిలాంటి బుస ఒకటి వినిపించింది. పిల్ల ఎగబాకి తల్లి వీపు మీద ఎక్కి కూర్చుంది. తల్లి నాలుగు కాళ్ల మీదకి దిగి, పిల్లని మోసుకుంటూ, ముళ్లపొదల్ని విరుచుకుంటూ కొండ పైకి వెళ్లిపోయింది. అది వెళ్లాక కూడా కాసేపు రాళ్లు దొర్లుతున్న చప్పుడు వస్తూనే ఉంది.

“ఉందే” అంది టీచర్. మొహం పాలిపోయింది. “ఉందే పద్మా. నువ్వు సెప్పనేదు గదా, నేదనుకున్నాను.”

ఒక బండ మీద కూర్చున్నాం. నేను అరచేతులకి అంటుకున్న మట్టి దులుపుకున్నాను. ఆవిడ తన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు ఒళ్లో తిప్పుకుంటోంది. అప్పుడు చెప్పింది. ఉద్యోగంలో ఉండగానే మొదలైందట. చూపులో నడిమధ్య భాగం పోయిందట.

“నీ మొకం సూస్తే మొకం ఉండదు నాకు. చుట్టూ జుట్టుంటాది, చెవులుంటాయి, మద్దిని ఏటీ ఉండదు. పక్కకి సూస్తే కొంచెం తెలుస్తాది. ఆ ఏటీ నేని చోట ఏవేవో వస్తాయి. ఒకరోజు జింకలు. ఒకరోజు దడి. ఒకరోజు తలపాగాలు సుట్టుకున్న సిన్న సిన్న మనుసులు, వరసగా ఎల్తారు.”

“భయమెయ్యదా టీచర్?”

“మొదట ఏసింది. అవి మాటాడవు, సప్పుడు సెయ్యవు. అలగే పోల్సుకుంటాను, ఏది ఉందో ఏది నేదో. ఇదీ సప్పుడు సెయ్యనేదు. పూలు తింటంది గదా మరి.”

ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆవిడ కొండ వైపు తిరిగి కూర్చుంది.

“మా అమ్మకి ఇలాగే అవుపించీవి. వాకిట్లో సిన్నపిల్లలు ఆడుకుంటన్నారు, ఆళ్లకి అన్నం పెట్టండి అనీది. మా నాయన మంత్రగాడిని పిలిపించినాడు. ఏపమండల్తో కొట్టించినాడు. ఆ తరవాత అమ్మ ఎప్పుడూ ఏదీ అవుపించిందననేదు. ఎనక గదిలో గోడకేసి తిరిగి పడుకునీది. పిచ్చిముండ అనీవాళ్లు అందరూ. నానూ అదే అనుకున్నాను, పద్మా. ఇప్పుడు నాకూ ఆ పిచ్చే వచ్చింది గావాల అనుకున్నాను. ఎవులికి సెప్పాలి?”

ఆ రోజు స్కూటీ మీద తిరిగి వస్తున్నప్పుడు ఎప్పటిలాగే ఆవిడ చెయ్యి నా భుజం మీద ఉంది. ఆ చెయ్యి బరువు మాత్రం మారిపోయింది. నాకు జాలి వేసింది, కోపం కూడా వచ్చింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను. మాట్లాడుతూ పరిగెత్తమన్నది నా ఊపిరి కోసమా, తనకి దారి తెలియడానికా. నన్ను ముందు నడవమన్నది నా అడుగులు సరిచేయడానికా, నా అడుగుల చప్పుడు పట్టుకుని తను నడవడానికా. పక్కనుంచి చూడమన్నది నక్క బెదరకూడదనా, తనకి అలా తప్ప చూడడం రాదు కనకా. నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటే తిరగేసి చూసుకున్నాను. ప్రతిదానికీ వెనక ఇంకో ముఖం ఉంది. అయినా నక్క నిలబడింది కదా. సుగర్ దిగింది కదా. అవి అబద్ధం కావు కదా. ఇంటికి వచ్చాక కొట్లో ఒకావిడ పళ్లెం అడిగితే గ్లాసు తీసి ఇచ్చాను.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్దామని ఎన్నిసార్లు అడిగినా ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. ఇంట్లోవాళ్లకి నా సుగర్ పరీక్ష కోసం వెళ్తున్నామని చెప్పాలి. డాక్టరు చిన్న వయసు ఒడియా అమ్మాయి. కళ్లలో మందు వేసి, దీపం పెట్టి చాలాసేపు చూసింది. కంటి లోపలి పొర మధ్యభాగం అరిగిపోయిందని, పోయిన చూపు తిరిగి రాదని, అంచుల చూపు మాత్రం ఉంటుందని చెప్పింది. చెప్పి, తన కాయితాలు సర్దుకుంటూ, మేమేమీ అడగకుండానే అడిగింది. లేనివి ఏమైనా కనిపిస్తుంటాయా అని.

టీచర్ నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగేలా పట్టుకుంది. కనిపిస్తాయి అని ఒడియాలో అంది, వినపడీ వినపడనట్టు. డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు. చూపు తగ్గినవాళ్లలో కొందరికి ఇలా అవుతుంది, కంటినుంచి రావలసింది రాకపోతే మెదడు తన దగ్గరున్న బొమ్మలతో ఆ ఖాళీ నింపుకుంటుంది, ఇది పిచ్చి కాదు అంది. టీచర్‌కి ఒడియా నాకంటే బాగా వచ్చు. జీవితమంతా ఒడియా పిల్లలకి డ్రిల్లు చెప్పిన మనిషి. అయినా నా వైపు తిరిగి, “ఏటంటంది?” అని తెలుగులో అడిగింది. “పిచ్చి కాదంట టీచర్” అన్నాను. “మల్లీ అడుగు” అంది. మళ్లీ అడిగాను. డాక్టరమ్మ మళ్లీ చెప్పింది.

బయటికి వచ్చాక సంతోషిస్తుందనుకున్నాను. వరండాలో బల్ల మీద కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చుట్టూ జనం చూస్తున్నారు. నేనేం చెయ్యాలో తెలీక ఆవిడ వీపు మీద చెయ్యి వేశాను.

“మరి మా అమ్మని కొట్టేరు గదా పద్మా” అంది. “పిల్లలకి అన్నం పెట్టమంది. అంతే గదా అంది.”

ఆ తరవాత టీచర్ ఇంట్లో చెప్పక తప్పలేదు. తమ్ముడి భార్య పార్వతి భయపడిపోయి ఆవిడ బూట్లు ఎక్కడో దాచేసింది. “ఎక్కడ ఎట్టీసినావో సెప్పు పార్వతీ, ఎతుక్కోడానికి నాకు కళ్లు నేవు గదా” అని టీచర్ అడిగితే పార్వతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయట. కొండలు వద్దు, సముద్రపొడ్డుకైతే వెళ్లొచ్చని ఒప్పందం కుదిరింది. అలా ఆర్యపల్లి ఇసుక మాకు దారి అయింది. సరుగుడు తోపు నీడన, తువ్వాలు ఒక కొస నా చేతిలో, ఇంకో కొస ఆవిడ చేతిలో పెట్టుకుని పరిగెత్తేవాళ్లం. చేపలవాళ్లు మొదట్లో నవ్వారు. తరవాత దూరంనుంచే, “ఒలే, టీచరమ్మొస్తంది, వల పక్కకి తియ్యండి” అని కేకేసేవారు. ఇప్పుడు ఆవిడ దాచుకోవలసిన పని లేదు కాబట్టి లేనివాటిని కూడా దర్జాగా చెప్పేది. ఇవాళ నీళ్లలో పూలచీరలు కట్టుకున్న ఆడవాళ్లు నడుస్తన్నారు అనేది. నేను ఉన్నవి చెప్పేదాన్ని. తడి ఇసుకలో కన్నం కన్నం నుంచి ఎర్ర పీతలు తలలెత్తి, మా అడుగు పడగానే మాయమైపోతున్నాయని. రాత్రి తాబేలు ఒకటి ఒడ్డుకి వచ్చి వెళ్లిన జాడ, రెండు పక్కలా తెడ్లు ఈడ్చినట్టు, నీళ్లదాకా ఉందని. ఆవిడ ఒంగి ఆ జాడని అరచేత్తో తడిమింది. అది ఎటు వెళ్లిందో వేళ్లతోనే చెప్పింది.

ఒకరోజు అక్కడే, ఆగి ఊపిరి తీసుకుంటున్నప్పుడు, మనసులో నలుగుతున్నది అడిగేశాను. “పక్కకి చూడమన్నారు కదా టీచర్, అది జంతువుల కోసమా, మీ కళ్ల కోసమా?”

ఆవిడ నొచ్చుకోలేదు. నిజంగానే ఆలోచించింది. “తెల్దు పద్మా. మొదట నా బాధకొద్దీ అనీసినాను గావాల. నువ్వెల్లి పుట్టని సూసినావు, నక్క నిలబడింది అన్నావు. ఓహో, ఇది నిజమేనన్నమాట అనుకున్నాను. నువ్వు సెప్పేకే నాకూ తెలిసింది.”

“మరి నన్ను తీసుకెళ్లింది నా సుగర్ కోసమా, మీకు తోడు కోసమా?”

ఈసారి విసుక్కుంది. “పొద్దున్నే ఏటీ గొడవ నీకు. లే, ఎండెక్కుతంది.”

నేను లేచాను. ఆవిడ విసుక్కుందంటే సమాధానం లేకనా, ఉండీ చెప్పలేకనా, లేక అసలు అది అడగవలసిన ప్రశ్నే కాదనా అని ఆ రోజంతా అనుకున్నాను. ఆ తరవాత రెండు వేసవులు కలిసి పరిగెత్తాం. ఇంకెప్పుడూ అడగలేదు.

ఆవిడ పోయింది ఒక వానాకాలం. జ్వరంతో మొదలై ఊపిరితిత్తులకి పాకింది. కళ్లకీ కొండలకీ దానితో ఏ సంబంధమూ లేదు. మా పిన్ని కూతురి పెళ్లికి విశాఖపట్నంలో ఉండిపోయాను నేను. వచ్చేసరికి అంతా అయిపోయింది. పార్వతి నన్ను వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి చెప్పింది.

“ఆకర్రోజుల్లో వదిన గుమ్మం వైపే సూసీది. అమ్మొచ్చింది, ఉందా, అని అడిగీది నన్ను. నాకేటి తెలుసు తల్లీ. నువ్వుంటే ఏటి సెప్పీదానివో. నాను ఉందొదినా, ఉంది అనీసినాను. నవ్వింది. నెమ్మదిగా పడుకుంది. తప్పు సేసినానేటి?”

లేదు పార్వతక్కా అన్నాను. ఆ మాట నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. టీచర్ నన్ను దగ్గరికి తీసింది లేనిది లేదని చెబుతాననే కదా. నేనే ఆ మంచం పక్కన ఉంటే లేదు టీచర్ అని ఉండేదాన్నా. అని ఉంటే ఎప్పటిలాగే సరే అనేదా. లేకపోతే ఆ ఒక్కసారికి నేనూ ఉందనేదాన్నా, అన్నానని ఆవిడకి నా గొంతులో తెలిసిపోయేదా. ఎన్నో పొద్దులు ఈ ప్రశ్నలతోనే కొండ ఎక్కి దిగాను. ఒకరోజు ఒక జవాబు సరైనదనిపిస్తుంది. మర్నాడు కాదనిపిస్తుంది.

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడుతోంది. సుగర్ ఉంది, అదుపులో ఉంది. మా వీధి ఆడవాళ్లు ముగ్గురు నలుగురు ఇప్పుడు నాతో పరుగుకి వస్తున్నారు. మోకాళ్ల నొప్పులవాళ్లు, బీపీవాళ్లు, ఇంట్లో ఊపిరాడక వచ్చేవాళ్లు. మాట్లాడుతూ పరిగెత్తమని వాళ్లకి చెబుతాను, ఎదర ఏముందో చెప్పమంటాను. జంతువు కనిపిస్తే తిన్నగా చూడొద్దు, పక్కనున్న చెట్టుని చూడమంటాను. వాళ్లు అలాగే చేస్తారు, నక్కలు నిలబడతాయి, కుందేళ్లు నిలబడతాయి. ఇవన్నీ ఎవరు నేర్పారని అడుగుతారు. ఒకరోజు కొండల్లో ప్రతి ప్రాణినీ ఎరిగిన మనిషి ఒకావిడ ఉండేదని చెబుతాను. ఇంకోరోజు, కళ్లు కనిపించని ఆవిడకి నేను కళ్లుగా ఉన్నానని చెబుతాను. మరో రోజు, ఆవిడ నన్ను వాడుకుందేమో కూడా అంటాను, అన్న వెంటనే నాలుక కరుచుకుంటాను. మొన్న వాళ్లలో ఒకావిడ ఉండబట్టలేక, “రోజుకో రకంగా సెప్తావేటి పద్మా, ఇందులో ఏది నిజం?” అంది. ముందు ఈ ఎక్కుడు ఎక్కండి, పైకెళ్లాక చెబుతానన్నాను. పైకెళ్లాక ఆవిడ మళ్లీ అడిగింది. చెబుదామనే నోరు తెరిచాను. కింద జీడితోటల మీద మంచు విడిపోతోంది, అందరూ నా వైపే చూస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక, ఎదర ఏముందో చెప్పమని వాళ్లనే అడిగాను.